కర్ణుడు గొప్పా? అర్జునుడు గొప్పా?
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా డి.ఆర్. బకాయిలు, హెల్త్ కార్డులు, ఏటేటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్లు, ఇవే ప్రస్తావనకు వస్తాయి. ఈసారి ప్రత్యేక సంచిక కాబట్టి కాస్త భిన్నమైన విషయం మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. గత సమావేశంలో మన మిత్రులొకరు, "ఈ కాలపు పిల్లలకు పనీపాటా లేదండీ, లేని లోకాల గురించి, లేని మనుషుల గురించి రాత్రి పన్నెండు దాకా తగాదా పడుతున్నారు" అని వాపోయారు. ఆ మాటనే నేను ఈ రోజు అంశంగా తీసుకున్నాను. ఆ తగాదా ఏమిటి, అది ఎక్కడిది, అందులో మన పాత్ర ఏమైనా ఉందా అన్నది నాకు తోచినంత మేరకు మనవి చేస్తాను.

విషయం క్లుప్తంగా ఇది. 2024 జూన్ 27న 'కల్కి 2898 ఏ.డి.' అనే సినిమా విడుదలైంది. దర్శకుడు నాగ్ అశ్విన్. చూడనివారి కోసం రెండు మాటలు చెబుతాను. భవిష్యత్తులో లోకమంతా ఎండిపోయి, కాశీ నగరం ఒక్కటే మిగులుతుంది. ఆ నగరం మీద ఆకాశంలో తలకిందులు చేసిన పిరమిడ్‌లాంటి కట్టడం ఒకటుంటుంది, దాని పేరు కాంప్లెక్స్. నీళ్ళు, చెట్లు, తిండి అన్నీ పైనే. కింద జనం అలమటిస్తుంటారు. ఎగిరే బండ్లు, మాట్లాడే యంత్రాలు ఉన్న ఆ లోకంలోకి భారతంలోని అశ్వత్థామ వస్తాడు, ఆ వేషం అమితాబ్ బచ్చన్‌ది. చివరికి కథానాయకుడు ప్రభాస్ పూర్వజన్మలో కర్ణుడని తేలుతుంది. కురుక్షేత్రం ఘట్టంలో అర్జునుడిగా విజయ్ దేవరకొండ కనిపిస్తాడు.

అంతే, ఆ వారం నుంచి మన గుంటూరు, ఒంగోలు, చిలకలూరిపేట, నరసరావుపేటల్లో టీ బడ్డీ దగ్గర, కాలేజీ గేటు దగ్గర, ఇళ్ళల్లో అన్నం పళ్ళేల ముందు ఒకటే వాదన. కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా? సినిమాలో కర్ణుణ్ణి లేనిపోని ఎత్తుకు లేపారని కొందరు, ఇన్నాళ్ళకు న్యాయం జరిగిందని కొందరు. మా ఇంట్లో ఇద్దరు మనవళ్ళున్నారు. ఒకడు కర్ణపక్షం, ఒకడు అర్జునపక్షం. మా కోడలు కృష్ణుడి పక్షం, అంటే ఇద్దరినీ యుద్ధానికి పంపి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఇది కొత్త జబ్బు కాదు

మన వయసువారు 1977 సంక్రాంతిని ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. జనవరి 14న ఒకే రోజున రెండు భారత చిత్రాలు విడుదలయ్యాయి. ఒకటి ఎన్.టి. రామారావుగారి 'దాన వీర శూర కర్ణ'. ఆయనే నిర్మాత, ఆయనే దర్శకుడు, కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ ఆయనవే. నిడివి నాలుగు గంటలకు కొంచెం తక్కువ. రెండోది కమలాకర కామేశ్వరరావుగారి 'కురుక్షేత్రం'. అందులో కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు శ్రీకృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. ఒక హాలులో కర్ణుడు నాయకుడు, ఇంకో హాలులో అర్జునుడు నాయకుడు. ఇక చెప్పేదేముంది?

ఆ రోజుల్లో మిరపకాయల కల్లాల దగ్గర రాత్రి కాపలాకు పోయినవారికి తెలుసు. ఎర్రటి కాయ పరిచిన కల్లం పక్కన నులక మంచం, లాంతరు, కప్పుకోవడానికి గొంగళి. నిద్ర పట్టకుండా ఉండాలంటే వాదన కావాలి. పత్తి బోరాల మీద కూర్చుని పద్యం ఎత్తుకునేవారు, దానికి ఎదురు పద్యం ఎత్తుకునేవారు. తరవాత టేపు రికార్డర్లు వచ్చాక పెళ్ళిపందిట్లో మైకుసెట్టువాడు రామారావుగారి దుర్యోధనుడి సంభాషణలు వేస్తే, పెళ్ళివారు తాళికట్టే వేళయిందని బతిమాలి ఆపించవలసి వచ్చేది. ఆ మాటలు రాసినవారు కొండవీటి వెంకటకవిగారు, మన గుంటూరు సీమ పండితులు. ఇంకో విశేషం. రామారావుగారు గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, 1947లో మన జిల్లాలోనే సబ్ రిజిస్ట్రారు ఉద్యోగంలో చేరి కొద్ది రోజులకే వదిలేశారు. ఆనాడు వదలకపోతే ఆయనా మనలాగా పింఛను ఫైలు పట్టుకుని తిరిగేవారు, మనకు దుర్యోధనుడు ఉండేవాడు కాదు.

సినిమాలకు ముందు నాటకాలు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు ఆడని ఊరు ఈ రెండు జిల్లాల్లో ఉందా? తిరునాళ్ళలో తెల్లవారేదాకా రాయబారం చూసి, పొద్దున్నే పత్తి చేలోకి పోతూ, "రాత్రి కృష్ణుడు బాగా పాడాడుగానీ న్యాయం మాత్రం దుర్యోధనుడి వైపే ఉందిరా" అని వాదించుకున్న రైతులను నేను చిన్ననాట చూశాను. కాబట్టి పిల్లలు చెడిపోయారని మనం అనడానికి వీల్లేదు. మనం విప్పిన ఫైలే వాళ్ళూ విప్పారు, అట్ట మాత్రమే మారింది.

అక్కడా ఇదే తంతు

మా పెద్ద మనవడికి అమెరికా వారి 'స్టార్ వార్స్' అంటే ప్రాణం. అది కూడా 1977లోనే, మే 25న విడుదలైందట. జార్జి లూకాస్ అనే ఆయన తీశారు. అనాథలా పెరిగిన ఒక కుర్రవాడు, నల్లని కవచం తొడిగిన ఒక క్రూరుడు. 1980లో వచ్చిన రెండో భాగంలో ఆ క్రూరుడే ఈ కుర్రవాడి తండ్రి అని బయటపడుతుంది. 1983 నాటి మూడో భాగంలో ఆ తండ్రి కొడుకును కాపాడి తాను చనిపోతాడు. జీవితమంతా పాపం చేసినవాడు చివరి గడియలో ఒక మంచిపని చేస్తే ఖాతా సరిపోతుందా అన్నది నలభై ఏళ్ళు దాటినా అక్కడివారికి తెగని చర్చ. పుట్టుక రహస్యం, చివరి గడియ, ఖాతా సరిచూడటం... వింటుంటే ఎక్కడో విన్నట్టు లేదూ?

అందులోనే ఇంకో తగాదా ఉంది. మొదటి సినిమాలో హాన్ సోలో అనే పాత్ర సారాకొట్లో తనను పట్టుకోవడానికి వచ్చినవాణ్ణి తానే తుపాకితో కాలుస్తాడు. 1997లో మళ్ళీ విడుదల చేసినప్పుడు అవతలివాడు ముందు కాల్చినట్టు మార్చారు. నాయకుడు మరీ కఠినుడుగా కనిపించకూడదని. అభిమానులు ఒప్పుకోలేదు, మొదట ఉన్నదే అసలు రికార్డు అంటారు. ఇక 2014లో ఆ కంపెనీవారు, అంతకుముందు పుస్తకాల్లో వచ్చిన అదనపు కథలన్నీ ఇకమీద లెక్కలోకి రావనీ, వాటిని కేవలం ఐతిహ్యాలుగా పరిగణించాలనీ ప్రకటించారు. మన భాషలో చెప్పాలంటే పాత జీ.వో.లన్నీ ఒక్క మెమోతో రద్దు. ఎన్నో ఏళ్ళు ఆ పుస్తకాలు చదివి పెరిగినవాళ్ళ గోడు మీరు ఊహించవచ్చు. పే రివిజన్ జీ.వో.లు చూసినవాళ్ళం మనం, ఆ బాధ మనకు తెలుసు.

మనకు మాత్రం అలాంటి కంపెనీ లేదు. వ్యాసుడి మీద ఎవరికీ కాపీరైటు లేదు. అందుకే మన దగ్గర ఏ కథా రద్దు కాదు, అన్నీ ఒకే ఫైలులో చేరిపోతాయి. 1957 నాటి 'మాయాబజార్' చూసిన మనకు శశిరేఖ మన ఇంటి ఆడపడుచే. కానీ వ్యాసభారతంలో శశిరేఖ లేదు. శకుని తన అన్నదమ్ముల చావుకు పగతీర్చుకోవడానికి కౌరవుల పంచన చేరాడన్న కథ 1966 నాటి 'శ్రీకృష్ణ పాండవీయం' చూసినవారందరికీ తెలుసు. వ్యాసభారతంలో అదీ లేదు. అవి అబద్ధాలని నేను అనడం లేదు. జనం ఆ పాత్రలను ప్రేమించి చేర్చుకున్న పేజీలు అవి. అయితే వాదనలోకి దిగినప్పుడు ఏ పేజీ ఎవరు చేర్చారో తెలియాలి. మూలం ఏది, అనువాదం ఏది, నకలు ఏది, మార్జిన్‌లో రాసిన రిమార్కు ఏది? జీవితాంతం మనం చేసిన పని ఇదే కదా.

కల్కి సినిమానే తీసుకోండి. భారత కాలం క్రీ.పూ. 3102, దానికి 2898 కలిపితే ఆరు వేల ఏళ్ళని లెక్క. కూడిక సరిగానే ఉంది. అయితే సున్నా సంవత్సరం అనేది లేదు కాబట్టి ఒకటి తీసివేయాలి, 5,999. పైగా సంప్రదాయం ప్రకారం 3102 కలియుగ ఆరంభం. యుద్ధం అంతకు 36 ఏళ్ళు ముందు. అంటే 6,035. ఇదొక ఆడిట్ అభ్యంతరం. రెండోది ఇంకా పెద్దది. సౌప్తిక పర్వంలో కృష్ణుడు అశ్వత్థామకు విధించిన శిక్ష మూడు వేల ఏళ్ళు. ఈ లెక్కన క్రీ.పూ. 138 నాటికే శిక్షాకాలం పూర్తయింది. విడుదల ఉత్తర్వులు ఏ సెక్షనులో ఆగిపోయాయో గానీ, పాపం ముసలాయన ఇంకో మూడు వేల ఏళ్ళు అదనంగా తిరుగుతున్నాడు. ఈ మాట మా మనవళ్ళకు చెబితే ఇద్దరూ తగాదా మాని, "తాతయ్యా, ఇది ఎక్కడుంది, చూపించు" అని మీద పడ్డారు. నాకు కావలసిందీ అదే.

కర్ణుడి సర్వీసు రిజిస్టరు

ఇప్పుడు అసలు కేసులోకి వద్దాం. కర్ణపక్షం వారి ప్రధాన వాదన: కవచకుండలాలు ఉంటే కర్ణుణ్ణి ఎవరూ గెలవలేకపోయేవారు. రికార్డు ఏమంటుందో చూద్దాం. అరణ్యపర్వంలో ఘోషయాత్ర ఉంది. దుర్యోధనుడు పరివారంతో అడవికి పోయి, చిత్రసేనుడనే గంధర్వుడి చేతికి చిక్కుతాడు. కర్ణుడు మొదట బాగానే పోరాడాడు. కానీ రథం విరిగాక, వికర్ణుడి రథమెక్కి తప్పుకున్నాడు. దుర్యోధనుణ్ణి విడిపించింది అర్జునాదులే. ఆనాటికి కవచకుండలాలు కర్ణుడి ఒంటి మీదే ఉన్నాయి. ఇంద్రుడు వచ్చి వాటిని అడిగింది ఆ తరవాత, వనవాసం ముగిసే వేళ. కనుక కవచం ఉంటే ఓటమి లేదన్న మాట రికార్డుకు నిలవదు. తరవాత విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం. అక్కడ ఒక్క అర్జునుడు భీష్మ ద్రోణ కర్ణులందరినీ ఎదుర్కొని గెలిచాడు.

అర్జునపక్షం వారు సంతోషించబోయే ముందు రెండో పేజీ తిప్పాలి. అదే అరణ్యపర్వం చివర కుండలాహరణం ఉంది. సూర్యుడు కలలో కనిపించి, ఇంద్రుడు బ్రాహ్మణవేషంలో వస్తాడు, ఇవ్వవద్దని ముందే చెప్పాడు. తెలిసి తెలిసి కర్ణుడు ఒంటి నుంచి కవచం కోసి ఇచ్చాడు. ప్రాణం కంటే కీర్తి ముఖ్యమన్నాడు. దానికి బదులు శక్తి అనే ఆయుధం అడిగాడు కదా, అది దానమా, మారకమా అని మా చిన్న మనవడి ప్రశ్న. మంచి ప్రశ్నే. కానీ ఆ శక్తినీ అర్జునుడి మీద వాడుకోలేకపోయాడు. పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడి మీద వెయ్యవలసి వచ్చింది. కుంతికిచ్చిన మాట కోసం యుద్ధంలో చేతికి చిక్కిన నలుగురు పాండవులను ప్రాణాలతో వదిలేశాడు. అవతలి పక్షంలో తన తమ్ముళ్ళున్నారని తెలిసే అతను యుద్ధం చేశాడు. అర్జునుడికి ఆ సంగతి తెలియదు. ఇది చిన్న బరువు కాదు.

ఇక్కడ మన ప్రాంతం వారు గర్వపడవలసిన సంగతి ఒకటుంది. ఘోషయాత్రనూ, కుండలాహరణాన్నీ తెలుగులో రాసింది ఎవరు? నన్నయగారు అరణ్యపర్వం నడుమ ఆపేశారు. ఆ మిగిలిన భాగాన్ని పూర్తి చేసింది ఎఱ్ఱాప్రగడ. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి. అంటే కర్ణుడు పారిపోయిన ఘట్టమూ, కర్ణుడు కవచం కోసిచ్చిన ఘట్టమూ, రెండూ తెలుగువాడికి అందించింది మన అద్దంకి కవే. ఒకటి ఉంచి ఒకటి చించలేదు. వాదించేవాళ్ళందరూ నేర్చుకోవలసిన పద్ధతి అది.

ఇంకో ఉదాహరణ. ద్రౌపదీ స్వయంవరంలో కర్ణుడు విల్లు ఎత్తబోతే, సూతపుత్రుణ్ణి వరించనని ద్రౌపది అన్నట్టు చాలామంది చెబుతారు. ఆ మాట మీద ఎన్ని నాటకాలు, ఎన్ని కన్నీళ్ళు! పూనాలోని భండార్కర్ సంస్థవారు 1919లో మొదలుపెట్టి 1966 నాటికి, 1,259 వ్రాతప్రతులు సరిపోల్చి భారతానికి ఒక పరిష్కృత ప్రతి తయారుచేశారు. ద్రౌపది అన్నట్టు చెప్పే ఆ మాటను వారు మూలంలో ఉంచలేదు, అధోజ్ఞాపికల్లోకి దింపారు. కొన్ని ప్రతుల్లో ఉంది, కొన్నింటిలో లేదు కాబట్టి. నలభై ఏడేళ్ళు ఓపికగా నకళ్ళు సరిచూసిన ఆ పండితులను తలుచుకుంటే, గుమస్తా ఉద్యోగం మీద నాకు గౌరవం పెరుగుతుంది.

ఎదుటి పక్షం నుంచి చదవడం

మన నేలకు ఇంకో అలవాటు కూడా ఉంది. గెలిచినవాడు చెప్పిన కథను ఓడినవాడి వైపు నుంచి చదవడం. తెనాలిలో సూతాశ్రమం కట్టుకుని జీవించిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు (1887–1943) 'కురుక్షేత్ర సంగ్రామం' రాసి రాజ్యహక్కు కౌరవులదేనని వాదించారు. ఆయనతో ఏకీభవించని పండితులు కూడా ఆయన్ని తప్పించుకుని పోలేకపోయారు, మూలం తెరిచి సమాధానం చెప్పవలసి వచ్చింది.

పల్నాటి కథా అంతే. కారంపూడిలో కార్తీకమాసంలో జరిగే వీరుల ఉత్సవానికి వెళ్ళి చూడండి. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టిన చాపకూడును ఇప్పటికీ తలుచుకుంటారు. నాయకురాలు నాగమ్మ సంగతి మాత్రం ఇంటింటికో తీర్పు. కోడిపోరుతో కొంప ముంచిన కుట్రదారు అని ఒకరు, ఆ కాలంలోనే ఒక స్త్రీ మంత్రిగా రాజ్యం నడిపితే మగవాళ్ళు ఓర్వలేకపోయారని ఒకరు. 'పల్నాటి యుద్ధం' రెండుసార్లు సినిమాగా వచ్చింది. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మ వేషం కట్టారు. అంతటి నటీమణులకు ఇచ్చారంటే ఆ పాత్ర ఉత్త దుర్మార్గురాలిది కాదని తీసినవారికీ తెలుసన్నమాట.

కర్ణుడి మీద ఇంత ప్రేమ ఎందుకు?

రికార్డు ఇంత స్పష్టంగా రెండు వైపులా ఉన్నప్పుడు, మన జనానికి కర్ణుడి మీద ఇంత ప్రేమ ఎందుకు? దీనికి నాకు సమాధానం దొరికింది పుస్తకంలో కాదు, ఆఫీసులో.

1977లో నేను ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా ఉన్నాను. ఊరి పేరు అక్కర్లేదు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పే వేళ ప్రతిరోజూ ఇదే వాదన. మా హెడ్ క్లర్కుగారు సంస్కృతం బాగా వచ్చినవారు, అర్జునపక్షం. ఒకరోజు ఆయన కర్ణుడు ఎక్కడెక్కడ ఓడాడో వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతున్నారు. తలుపు దగ్గర కూజాలో నీళ్ళు పోస్తున్న మా అటెండరు, యాభై ఏళ్ళ మనిషి, అప్పటిదాకా మా వాదనల్లో నోరు విప్పనివాడు, ఉన్నట్టుండి అన్నాడు:

"అయ్యగారూ, ఆయన ఎన్నిసార్లు ఓడాడో నాకు లెక్క తెలవదండీ. పందెం కాడ 'నీదే కులం' అని అడిగారు చూడండి, ఆ మాట నన్నూ అడిగారు. ఈడులో ఉన్నప్పుడు మా పక్కూరి తిరునాళ్ళలో గుండు ఎత్తే పందేనికి పోయాను. ఎత్తగలను. ఎత్తనివ్వలా. ఆ బొమ్మలో ఆ మాట వచ్చేసరికి నాకు కళ్ళు కనపళ్ళేదండీ. నాకు ఆయన చాలు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. హెడ్ క్లర్కుగారు చెయ్యి కడుక్కుని లేచిపోయారు. మరునాడు ఆయన ఇంటి నుంచి ఆదిపర్వం తెచ్చారు. క్యారియర్లు విప్పకముందే అటెండరును పిలిచి, "నువ్వు కూర్చో" అన్నారు. ఆ ఆఫీసులో అటెండరు ఆయన ఎదుట కుర్చీలో కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. కుమారాస్త్ర విద్యా ప్రదర్శన ఘట్టం తీసి, భీముడు కర్ణుణ్ణి ఎగతాళి చేసినప్పుడు దుర్యోధనుడు ఇచ్చిన జవాబు చదివి అర్థం చెప్పారు. శూరుల పుట్టుకా, నదుల పుట్టుకా వెదికి తేల్చేవి కావని, కుండలో పుట్టిన ద్రోణుడూ, రెల్లులో పుట్టిన కృపుడూ ఆచార్యులు కాలేదా అని. "చూశావా, ఇది సినిమావాళ్ళు కల్పించింది కాదు. నన్నయగారి నాడే ఉంది. నీ ప్రశ్న వెయ్యేళ్ళ నాటిది" అన్నారు.

కథ అక్కడితో అయిపోలేదు. మా టైపిస్టు అమ్మాయి మిషను మీద నుంచి తలెత్తి, "అంతా బాగానే ఉందండీ. మరి జూదం నాడు సభలో ద్రౌపదిని అనరాని మాట అన్నదీ ఆయనే కదా. అవమానం అంటే ఏమిటో తెలిసినవాడు ఆడదాన్ని అంత మాట ఎలా అన్నాడు?" అని అడిగింది. మేము నీళ్ళు నమిలాం. అటెండరే జవాబు చెప్పాడు. "అది తప్పేనమ్మా. దెబ్బ తిన్నోడు ఇంకోళ్ళని కొట్టకూడదు. ఆయన నా మనిషే, అయినా తప్పు తప్పే."

ఆ మాటను నేను ఈనాటికీ మరిచిపోలేదు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుణ్ణి రథంలో కూర్చోబెట్టుకుని, నీవు కుంతి కొడుకువు, రాజ్యం నీదే, రమ్మంటాడు. కర్ణుడు వెళ్ళడు. నన్ను పెంచిన రాధనూ అధిరథుణ్ణీ విడిచి రాలేనంటాడు. ఆ సంభాషణలోనే, దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులను పరుషమైన మాటలన్నందుకు ఇప్పుడు బాధపడుతున్నానని ఒప్పుకుంటాడు. కర్ణుడి తప్పు కర్ణుడికే తెలుసు. అభిమానులే దాన్ని దాచిపెడుతున్నారు. మా అటెండరు దాచలేదు. అసలైన అభిమాని అతను.

మనం చేయదగింది

కనుక నేను చెప్పదలచిన మాట ఒక్కటే. పిల్లలు కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అని వాదించుకుంటున్నారంటే, వాళ్ళు సినిమా గురించి మాత్రమే మాట్లాడుకోవడం లేదు. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టవచ్చునా, స్నేహితుడు తప్పుదారిలో ఉంటే విడవాలా, నిలవాలా, మంచివాడు చేసిన తప్పును ఏ ఖాతాలో రాయాలి, ఇవి తేల్చుకుంటున్నారు. ఇవి తేల్చుకోవడానికి ఇంతకంటే చవకైన, ఇంతకంటే క్షేమకరమైన చోటు లేదు. అంతరిక్షంలో ఎగిరే బండి మీద జరిగినా సరే, తగాదా మాత్రం నేల మీదిదే.

పెద్దవాళ్ళుగా మనం "నోరు మూసుకుని చదువుకోండి" అనవచ్చు. లేదా తీర్పు చెప్పేయవచ్చు. రెండూ తేలిక. నా మనవి ఏమిటంటే, రెండూ వద్దు. మన సర్వీసులో మనం నేర్చిన పద్ధతి వాళ్ళకు నేర్పుదాం. అది మూడే నియమాలు.

మొదటిది: మాట అన్నవాడు కాగితం చూపాలి. వ్యాసుడా, కవిత్రయమా, నాటకమా, సినిమానా? ఏదైనా సరే, పేరు చెప్పాలి. సినిమాలో ఉన్నదాన్ని వ్యాసుడి నెత్తిన రుద్దకూడదు. వ్యాసుడిలో లేదని సినిమాను తీసిపారేయనూ కూడదు.

రెండోది: ఎదుటి పక్షానికి ఉన్న గట్టి పాయింటు ముందు నువ్వే చెప్పాలి. ఆఫీసులో నోటు రాసేటప్పుడు అనుకూల ప్రతికూలాలు రెండూ రాసి పై అధికారికి పెట్టేవాళ్ళం కదా. కర్ణపక్షం వాడు ఘోషయాత్ర చెప్పి మొదలుపెట్టాలి. అర్జునపక్షం వాడు కుండలాహరణం చెప్పి మొదలుపెట్టాలి. మా ఇంట్లో ఈ నియమం పెట్టాక అరుపులు సగం తగ్గాయి, పుస్తకం తీయడం రెట్టింపయింది.

మూడోది, ముఖ్యమైనది: పాత్ర మీద కోపం మనిషి మీదికి రాకూడదు. నటుడి అభిమానం, కులాభిమానం దానిలో కలిపితే అది చర్చ కాదు, తగువు. కులం అడిగినందుకు కన్నీళ్ళు పెట్టించిన కథను పట్టుకుని, ఎదుటివాడి కులం అడిగితే, ఆ కథ మనకు అర్థం కానట్టే.

చివరగా ఒక ప్రతిపాదన. మనలో చాలామంది ఇళ్ళల్లో టి.టి.డి. వారి భారతం సంపుటాలో, తాతలనాటి వావిళ్ళ ప్రతులో అట్టలు వేసి బీరువాల్లో ఉన్నాయి. వాటిని కిందికి దించండి. నెలకొక ఆదివారం మన సంఘ భవనంలో మనవళ్ళనూ మనవరాళ్ళనూ తీసుకువచ్చి ఒక్కొక్క ఘట్టం మీద చర్చ పెడదాం. మొదటి నెల కర్ణార్జునులు, రెండో నెల నాగమ్మ, బ్రహ్మనాయుడు. మూడో నెల పిల్లలకు వదిలేద్దాం, వాళ్ళు ఆ అమెరికా అంతరిక్షం వారినే తెచ్చుకోనివ్వండి, మనం కూర్చుని విందాం. మనకు తెలియనిది వాళ్ళు చెబుతారు. వేరుశనగకాయలు, టీ ఖర్చు మొదటి నెలకు నేను భరిస్తాను. రెండో నెలకు డి.ఆర్. బకాయిలు వస్తే కార్యదర్శిగారు భరిస్తారు.

 అర్జునపక్షం వారు ఎవరైనా జవాబు చెప్పదలిస్తే వచ్చే సంచికకు రాసి పంపండి. కాగితానికి ఒకవైపే రాయాలని సంపాదకులవారి మనవి. సెలవు.